నాలుగు నెలల కష్టం, నాలుగు రోజుల అదృష్టం

కాన్ఫరెన్స్ అనగానే మన ఇళ్ళల్లో తట్టేదేమిటి? ఇంటాయన పెట్టె సర్దించుకుని ఢిల్లీయో బెంగుళూరో వెళ్ళడం, తిరిగి వచ్చేటప్పుడు ఒక ఫైలూ, ఒక పెన్నూ, రెండు హోటలు సబ్బులూ తేవడం. అంతే కదూ! అమెరికాలో కాలేజీల బాస్కెట్‌బాల్‌కి కూడా కాన్ఫరెన్సులున్నాయి. అక్కడ ఉపన్యాసాలూ తీర్మానాలూ వుండవు. పది పన్నెండు కాలేజీలు ఒక జట్టుగా కట్టుబడి, ఏటా తమలో తాము పోటీలు పడే ఏర్పాటుకి ఆ పేరు పెట్టుకున్నారు. మన పల్లెల్లో చుట్టుపక్కల పది వూళ్ళవాళ్ళూ కలిసి కబడ్డీ పందేలు పెట్టుకున్నట్టే అనుకోండి.

ఆ ఆటల గొడవ మనకెందుకంటారా? మార్చి నెల వచ్చిందంటే అమెరికాలో వున్న మన పిల్లలు ఫోనులో సరిగ్గా మాట్లాడరు. "బ్రాకెట్ నింపుతున్నానమ్మా, తర్వాత చేస్తా" అంటారు. ఏ జట్టు ఎవర్ని ఓడిస్తుందో ముందే రాసిపెట్టుకునే పట్టిక అది. ఆఫీసుల్లో, హాస్టళ్ళలో, పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ఇళ్ళల్లో కూడా నింపుతారట. దేశం మొత్తానికి పట్టే ఈ పూనకానికి మార్చ్ మ్యాడ్‌నెస్ అని ముద్దుపేరు. సరే, పిచ్చి ఎవరికి లేదు? నన్ను పట్టుకున్నది ఆట కాదు. ఆ ఆట వెనకాల వున్న ఒక ధర్మసందేహం. అది మన వంటింటి దాకా వచ్చే సందేహం కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను.

ముందు లెక్క చెబుతాను, విసుక్కోకండి. అక్కడ మొదటి డివిజన్ అనే పెద్ద తరగతిలో 350కి పైగా కాలేజీలున్నాయి. అవి 30కి పైగా కాన్ఫరెన్సుల కింద సర్దుకున్నాయి. నవంబరులో ఆట మొదలు. కొత్త సంవత్సరం వచ్చేసరికి కాన్ఫరెన్స్ లోపలి పోటీలు జోరందుకుంటాయి. ఒకసారి మీ వూళ్ళో, ఒకసారి మా వూళ్ళో. చలిలో, మంచులో, పరీక్షల నడుమ నాలుగు నెలలు ఆడి ఆడి, మార్చి మొదటి వారానికి ఎవరు ఎన్ని గెలిచారో పట్టిక తేలుతుంది. అక్కడితో ఆపేస్తే ఏ పేచీ లేదు. కాని ఆపరు. మొదటి స్థానం వచ్చినవాళ్ళకి చప్పట్లు కొట్టి, ఆ పట్టిక పక్కన పెట్టి, దాదాపు అందర్నీ ఒక వూరికి పిలిచి మళ్ళీ ఆడిస్తారు. దాన్నే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ అంటారు. ఓడినవాడు ఆ పూటే బస్సెక్కాలి. నాలుగైదు రోజుల్లో చివరికి మిగిలిన జట్టుకే జాతీయ టోర్నమెంటులో నేరుగా సీటు.

ఆ సీటు మామూలు సీటు కాదు. జాతీయ టోర్నమెంట్ 1939లో 8 జట్లతో మొదలైంది. పెరిగి పెరిగి 2011లో 68 జట్లకు వచ్చింది. ఆడపిల్లలకు అదే సంస్థ టోర్నమెంటు పెట్టింది 1982లో, 32 జట్లతో. మగపిల్లలకున్న 68 అనే అంకె ఆడపిల్లలకు దక్కేసరికి 2022 వచ్చింది. ఆలస్యంగానైనా దక్కిందిలే అని సంతోషించడం మనకు అలవాటే.

ఇప్పుడు చెప్పండి. నాలుగు నెలలపాటు అందరికంటే బాగా ఆడిన జట్టు ఒక్క సాయంత్రం తడబడితే, సీటు వాళ్ళకి పోయి, నాలుగు నెలలూ నానా అవస్థలూ పడి నాలుగు రోజులు మాత్రం విజృంభించిన జట్టుకి పోవడం న్యాయమేనా?

ఈ ప్రశ్న అక్కడివాళ్ళని బాగా నలిపేసిన సంవత్సరం 1974. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అని 1953లో పుట్టిన సంఘం ఒకటుంది. ఏ.సీ.సీ. అంటారు. ఉత్తర కెరొలైనా ప్రాంతంలో దాని మోజు ఎంతంటే, టోర్నమెంట్ జరిగే శుక్రవారం నాడు బళ్ళలో టీచర్లే టీవీని క్లాసులోకి తెప్పించి పిల్లల్ని చూడనిచ్చేవారట. ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని క్రికెట్ స్కోరు విన్న మన తరానికి ఇది కొత్తగా అనిపించదు. ఆ యేడు మార్చి 9న గ్రీన్స్‌బరోలో ఫైనలు. ఒక పక్క నార్త్ కెరొలైనా స్టేట్, ఇంకో పక్క మేరీలాండ్. రెండూ దేశంలోకెల్లా మొదటి నాలుగైదు జట్లలో వున్నవే. అప్పటి నియమం ప్రకారం ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టే జాతీయ టోర్నమెంటుకి వెళ్ళాలి. ఆట సమానమై, ఓవర్‌టైమ్ పెట్టి, చివరికి 103–100తో స్టేట్ గెలిచింది. ఆ స్టేట్ జట్టే తర్వాత వెళ్ళి జాతీయ చాంపియన్ అయింది. మేరీలాండ్ ఇంట్లో కూర్చుంది. మూడు పాయింట్లు! మన లెక్కలో చెప్పాలంటే రాష్ట్రంలో రెండో ర్యాంకు వచ్చిన పిల్లకి ఏ కాలేజీలోనూ సీటు లేదన్నట్టు.

ఆ రాత్రి మేరీలాండ్ కోచ్ లెఫ్టీ డ్రీసెల్, గెలిచినవాళ్ళ బస్సెక్కి, బాగా ఆడారు, వెళ్ళి జాతీయ కప్పు కూడా తెచ్చుకోండి అని చెప్పి దిగాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆటలో ఎవరు గొప్పో ఆ స్కోరు చెప్పింది. మనిషిలో ఎవరు గొప్పో ఆ బస్సు మెట్లు చెప్పాయి.

మరుసటి యేడే, 1975లో, నియమం మారింది. జాతీయ టోర్నమెంటుని 32 జట్లకు పెంచి, కాన్ఫరెన్స్ విజేతలకే కాక, మంచి ఆట ఆడిన మరి కొందరికీ కమిటీ ఎంపిక చేసి సీట్లిచ్చే పద్ధతి పెట్టారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. టోర్నమెంట్ అన్యాయమని దాన్ని ఎత్తేయలేదు వాళ్ళు. పక్కన ఇంకో తలుపు తెరిచారు. ఒక తలుపు నాలుగు రోజుల్లో నిలిచి గెలిచినవాళ్ళకి. రెండో తలుపు నాలుగు నెలల లెక్క చూపించగలిగినవాళ్ళకి. ఉమ్మడి ఇంట్లో అత్తా కోడళ్ళకి పడకపోతే ఎవర్నో ఒకర్ని వెళ్ళగొట్టకుండా రెండో పొయ్యి పెట్టించే పెద్దమనిషి తెలివి ఇది.

అయితే రెండో తలుపు దగ్గర పెద్దింటివాళ్ళకే దారి దొరుకుతుందన్నది కూడా నిజమే. పేరున్న కాన్ఫరెన్సుల్లోంచి ఏడెనిమిది జట్లు కమిటీ ఎంపికలో వెళ్ళిపోతాయి. చిన్న కాన్ఫరెన్సులకి ఎక్కువ ఏళ్ళు ఆ మొదటి తలుపొక్కటే దిక్కు. 2024 మార్చిలో ఏం జరిగిందో చూడండి.

ఇండియానా రాష్ట్రంలో టెర్ర హోట్ అనే వూరుంది. అక్కడి ఇండియానా స్టేట్ అనే విశ్వవిద్యాలయం ఒకప్పుడు లారీ బర్డ్ అనే మహా ఆటగాణ్ణి తయారుచేసింది. 1979లో అతను వాళ్ళని జాతీయ ఫైనలు దాకా తీసుకెళ్ళాడు. ఆ తర్వాత చాలా కాలం చెప్పుకోదగ్గదేం లేదు. 2024లో మళ్ళీ ఒక మంచి జట్టు కుదిరింది. అందులో రాబీ అవీలా అని, లావుపాటి ఆటకళ్ళద్దాలు పెట్టుకుని, లైబ్రరీలోంచి నేరుగా మైదానంలోకి వచ్చినట్టుండే కుర్రాడొకడు జనానికి తెగ నచ్చేశాడు. మిసోరీ వ్యాలీ కాన్ఫరెన్స్‌లో 20 ఆటల్లో 17 గెలిచి పట్టికలో మొదట నిలిచారు. టోర్నమెంట్ ఫైనల్లో మాత్రం డ్రేక్ చేతిలో 84–80తో ఓడారు. అప్పటికి మొత్తం 28 గెలుపులు, 6 ఓటములు. వారం తర్వాత ఆదివారం నాడు కమిటీ జాబితా చదివింది. వాళ్ళ పేరు లేదు.

అదే వారం, అదే ఏ.సీ.సీ.లో, 50 ఏళ్ళ కిందట మేరీలాండ్‌ని ఓడించిన ఆ నార్త్ కెరొలైనా స్టేట్ ఏం చేసిందో తెలుసా? 15 జట్లలో పదో స్థానంలో వుంది. ఆఖరి నాలుగు ఆటలూ వరసగా ఓడింది. మొత్తం 17 గెలుపులు, 14 ఓటములు. కమిటీ వాళ్ళ వైపు కన్నెత్తి కూడా చూసే స్థితి లేదు. టోర్నమెంటులో అడుగు పెట్టింది. అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలిచింది. సెమీఫైనల్లో వర్జీనియా మీద దాదాపు ఓడిపోయింది కూడా. మూడు పాయింట్లు వెనకబడి, కొద్ది క్షణాలే మిగిలి వుండగా, ఎదుటి కుర్రాడు ఫ్రీ త్రో తప్పాడు. మైకేల్ ఓ'కానెల్ పరిగెత్తుకుంటూ వచ్చి దూరం నుంచి విసిరాడు. గంట మోగుతుండగా బంతి బోర్డుకి తగిలి రింగులో పడింది. ఆట సమం, తర్వాత ఓవర్‌టైమ్‌లో గెలుపు, మర్నాడు కప్పు. డి.జె. బర్న్స్ అనే భారీ కుర్రాడు, ఎడమచేతి వాటంవాడు, నవ్వుతూ తుళ్ళుతూ అందరి అభిమానం కొట్టేశాడు. అంతటితో ఆగక ఆ జట్టు జాతీయ టోర్నమెంటులో ఆఖరి నలుగురిలో ఒకటిగా నిలిచింది.

ఇలా అనుకోకుండా వచ్చి సీటు పట్టుకుపోయే జట్టుని అక్కడ బిడ్ థీఫ్ అంటారు, అంటే సీటు దొంగ అని. నాకు ఆ మాట మీద కోపం వుంది. ఆ పిల్లలు ఎవరి కొంగుముడీ విప్పలేదు. ఆడమన్నారు, ఆడారు. గెలవమన్నారు, గెలిచారు. వాళ్ళది దొంగతనమైతే మరి సెప్టెంబరులో సప్లిమెంటరీ రాసి పాసైన పిల్లవాడిదీ దొంగతనమే. పిల్లలు చేతికందివచ్చాక నలభై ఏళ్ళకి బి.ఏ. కట్టి పట్టా తెచ్చుకున్న ఇల్లాలిదీ దొంగతనమే. ఆవిడకి ఇరవై ఏళ్ళప్పటి లెక్క తీసి చూపిస్తే ఏం మిగులుతుంది? పెళ్ళి, పురుళ్ళు, ఆడపడుచుల పెళ్ళిళ్ళు, మామగారి పక్షవాతం. పట్టికలో ఆవిడ పదో స్థానం. ఏదో ఒక మార్చి నెలలో, వెనకటి లెక్కలు చూడకుండా "రా, ఈ రోజు నువ్వేం చేస్తావో చూస్తాం" అని పిలిచే చోటు ఒకటి లేకపోతే అలాంటివాళ్ళ గతేమిటి? లెక్క ఎప్పుడూ ముందునుంచీ అనుకూలం వున్నవాళ్ళ పక్షాన మాట్లాడుతుంది. అందుకే నాలుగు రోజుల తలుపు వుండాల్సిందే. దానికి నేను దయ అని పేరు పెడతాను.

కాని దయకి దణ్ణం పెడుతూ వుంటే, పక్కన ఇండియానా స్టేట్ పిల్లలు నిలబడి చూస్తున్నారు. వాళ్ళకేం చెప్పాలి?

ఇక్కడికి వచ్చేసరికి నాకు బాస్కెట్‌బాల్ మరుగైపోయి మన ఇళ్ళు కనిపిస్తాయి. మంచాన పడ్డ పెద్దావిడకి రోజూ మూడు పూటలా మందులేసి, దుప్పట్లు మార్చి, రాత్రి రెండు గంటలకి లేచి మంచినీళ్ళిచ్చే కోడలో కూతురో ఒకతె వుంటుంది. పండక్కి దూరం నుంచి కొడుకు దిగుతాడు. స్వీటు డబ్బా, శాలువా, రెండు రోజుల కబుర్లు. ఆవిడ కళ్ళు మెరుస్తాయి. వూరంతా "ఎంత ప్రేమండీ ఆ అబ్బాయికి" అంటారు. ఆ ప్రేమ అబద్ధం కాదు, నిజమే. రెండు రోజులైనా నిండుగా ఇచ్చాడు. కాని మిగతా మూడు వందల అరవై మూడు రోజుల పట్టిక ఎక్కడ చదువుతారు? చదివేవాళ్ళెవరు? పైగా ఆ కోడలు ఏ ఒక్క రోజో ఓపిక చాలక గట్టిగా మాట్లాడిందనుకోండి, అదే ఆవిడ ఫైనలు. దాంట్లో ఓడింది కాబట్టి మొత్తం ఓడినట్టే. రోజూ బాగా వండిన చేతికి పేరుండదు. పెళ్ళివారు వచ్చిన నాడు మాడిన పులుసుకి మాత్రం పదేళ్ళ ఆయుర్దాయం.

లెక్కనే గౌరవించాలని పట్టుబట్టినవాళ్ళు అమెరికాలో లేకపోలేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి పాత కాలేజీల సంఘం ఐవీ లీగ్. మిగతా కాన్ఫరెన్సులన్నీ టోర్నమెంట్లు పెట్టుకున్నా, తాము మాత్రం పట్టికలో మొదటివాళ్ళకే సీటు అని కూర్చున్నారు. చివరికి వాళ్ళూ 2017లో నాలుగు జట్లతో టోర్నమెంట్ మొదలెట్టారు. ఆ మొదటి యేడే విధి వాళ్ళతో పరాచికాలాడింది. ప్రిన్స్‌టన్ కుర్రాళ్ళు లీగ్‌లో 14కి 14 ఆటలూ గెలిచి వచ్చారు. సెమీఫైనల్లో, 14లో 6 మాత్రమే గెలిచిన పెన్ జట్టు వాళ్ళని ఇంటికి పంపించినంత పని చేసింది. ఆఖరి క్షణాల్లో సమం చేసి, ఓవర్‌టైమ్‌లో బతికి బయటపడి, మర్నాడు కప్పు గెలిచి సీటు దక్కించుకున్నారు. 14 గెలుపుల విలువ ఒక్క బుట్టకి వేలాడింది.

ఇక 2020. మార్చి 10న, కరోనా భయంతో ఐవీ లీగ్ టోర్నమెంట్ రద్దుచేసి, పట్టికలో మొదటివాళ్ళకే సీట్లిస్తున్నామని చెప్పింది. ఆడపిల్లల్లో ఆ సీటు ప్రిన్స్‌టన్‌ది. వాళ్ళ లెక్క వినండి: 26 గెలుపులు, ఒక్క ఓటమి. హమ్మయ్య, ఒక్కసారైనా లెక్కకి గౌరవం దక్కిందనుకునే లోపల, మార్చి 12న జాతీయ టోర్నమెంటే రద్దయింది. ఆడపిల్లలదీ, మగపిల్లలదీ కూడా. లెక్క గెలిచింది, సీటొచ్చింది, వెళ్ళడానికి వూరే లేకుండా పోయింది.

ఆ ఆడపిల్లలకి ఆ యేడాది ఏం మిగిలినట్టు? "ఫలం ఆశించకూడదమ్మా" అని వూరికే ఓదార్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట చెప్పేవాళ్ళు చాలామంది తమ ఫలం తిని చెయ్యి కడుక్కుని వచ్చినవాళ్ళే. ఫలం ఆశించాలి. రానప్పుడు ఏడవాలి. కాని ఏడ్చాక చూసుకుంటే, ఆ 26 సాయంత్రాలూ ఎక్కడికీ పోలేదు. వాటిలో ప్రతి ఒక్కదాన్లోనూ వాళ్ళు పరిగెత్తారు, పడ్డారు, లేచారు, గెలిచారు. టోర్నమెంట్ రద్దు చేసినవాళ్ళు వాటిని రద్దు చెయ్యలేరు. సీటు ఎవరో ఇచ్చేది. ఎవరైనా ఇచ్చేదాన్ని ఎవరైనా తీసుకోగలరు. చేసిన పని మాత్రం చేసినవాళ్ళ దగ్గరే వుంటుంది.

అలాగని ఈ మాటతో చాకిరీ చేసేవాళ్ళ నోరు మూయించకూడదు. నీ పని నీ దగ్గరే వుందిగా, ఇంకేం కావాలి అని అడిగే లోకానికి నేను వత్తాసు పలకను. అందుకే నా తీర్పు ఇలా చెబుతాను. నాలుగు రోజుల్లో గెలిచినవాడికి సీటివ్వండి, న్యాయమే. కాని ఆ సీటు చూపించి అతనే అందరికంటే గొప్పవాడని మాత్రం అనకండి. ఆ రోజు గెలిచాడు, అంతవరకే నిజం. నాలుగు నెలలు నిలకడగా నిలబడినవాళ్ళకి, ఆఖరి రోజు ఎలా పోయినా సరే, వాళ్ళ పేరు మీద ఒక తలుపు విడిగా వుండాలి. 2006 నుంచి 2023 దాకా అక్కడ అలాంటిదొకటి వుండేది కూడా. పట్టికలో మొదట నిలిచి, సీటు తప్పిన జట్లకి ఎన్.ఐ.టి. అనే రెండో టోర్నమెంటులో గ్యారంటీగా చోటిచ్చేవారు. 2024లో ఆ గ్యారంటీ తీసేశారు. ఇండియానా స్టేట్‌ని ఆ యేడు ఎన్.ఐ.టి.కి పిలిచారు. వాళ్ళు అలిగి కూర్చోలేదు. వెళ్ళారు, వరసగా నాలుగు గెలిచి ఫైనలు చేరి, రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడారు. మన దగ్గరా ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులు 25 శాతం కలిపిన రోజులు మీకు గుర్తుండే వుంటాయి. ఒక్క పూట పరీక్షే సర్వస్వం కాకూడదన్న ఆలోచన అది. తక్కువో ఎక్కువో, రోజువారీ పనికి వాటా వుండాలి.

అన్నట్టు, 2024లో నార్త్ కెరొలైనా స్టేట్ సంగతి సగమే చెప్పాను. ఆ కాలేజీ ఆడపిల్లల జట్టు కూడా ఆ యేడు జాతీయ టోర్నమెంటులో ఆఖరి నలుగురిలో నిలిచింది. మగపిల్లల్లాగా అయిదు రోజుల అద్భుతంతో కాదు. వాళ్ళు కాన్ఫరెన్స్ ఫైనల్లో నోటర్ డేమ్ చేతిలో ఓడారు. కాని సీజనంతా ఆడిన ఆట చూసి కమిటీ వాళ్ళకి మంచి స్థానమే ఇచ్చింది. అక్కణ్ణుంచి టెనెసీ, స్టాన్‌ఫర్డ్, టెక్సస్ లాంటి ఘనమైన జట్లని దాటుకుంటూ వచ్చారు. ఒకే కాలేజీ, ఒకే నెల. అన్నదమ్ములు ఒక తలుపులోంచి, అక్కచెల్లెళ్ళు ఇంకో తలుపులోంచి వెళ్ళి, ఒకే ఎత్తుకి చేరారు.

బంతి బోర్డుకి తగిలి రింగులో పడ్డ ఆ సాయంత్రం గురించి జనం ఎన్నాళ్ళయినా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఆ ఆడపిల్లల కథలో అలా ఒక్క క్షణంలో చెప్పేందుకేమీ లేదు. రోజూ లేచి, రోజూ ఆడి, ఎక్కువసార్లు గెలిచారు. వినడానికి కొంచెం చప్పగానే వుంటుంది. మన ఇళ్ళల్లో ఎవరి కథలు ఇలా చప్పగా వుంటాయో ఒక్కసారి చుట్టూ చూడండి. ఈ రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ లెక్క పైకి చదివి వినిపిస్తే తప్పేం లేదు.